లైవ్ లూపర్ తయారీ: హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

లూపర్ అంటే వాయించిన ముక్కను అక్కడికక్కడే రికార్డు చేసి మళ్లీ మళ్లీ తిప్పి వినిపించే పరికరం. లూపర్ వాడటం వేరు, లూపర్ తయారుచేయడం వేరు. కింద ఉన్నవన్నీ రెండో పనికి దిగినవాళ్లు అడిగే ప్రశ్నలు. కోడ్ రాయడం కొంత వచ్చు, సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడానికి భయం లేదు, పాడటమో వాయించడమో తెలుసు అనుకుని జవాబులు రాశాను. చాలామంది ఎక్కడ ఇరుక్కుంటారో అక్కడ జవాబు పొడుగ్గా ఉంటుంది, మిగతాచోట్ల రెండు ముక్కల్లో తేల్చేశాను.

లూపర్‌కీ డిలేకీ తేడా ఏమిటి? రెండూ విన్నది మళ్లీ వినిపించేవే కదా?

లోపల ఉన్నది ఒకటే. మెమరీలో ఒక బఫర్ (శబ్దాన్ని దాచే చోటు), అందులో రాసే చోటు ఒకటి, చదివే చోటు ఒకటి, చివరికి రాగానే మళ్లీ మొదటికి. తేడా అంతా పొడవు ఎవరు, ఎప్పుడు నిర్ణయిస్తారన్న దగ్గరే ఉంది. డిలేలో పొడవును నాబ్ తిప్పి ముందే పెట్టుకుంటాం. లూపర్‌లో వాయిస్తూ వాయిస్తూనే కాలితో నిర్ణయిస్తాం: మొదటిసారి నొక్కితే మొదలు, రెండోసారి నొక్కితే ముగింపు. ఆ రెండు నొక్కుల మధ్య గడిచిన సమయమే ఇక పాటంతటికీ కొలత అవుతుంది. అందుకే లూపర్ కట్టేవాడు ముందుగా సాధించాల్సినవి రెండే: నొక్కిన క్షణాన్ని సరిగ్గా పట్టుకోవడం, చివరను మొదలుతో అతుకు తెలియకుండా కలపడం. ఎఫెక్టులు, ట్రాకుల సంఖ్య, రంగురంగుల తెర, ఇవన్నీ ఆ తర్వాతి సంగతులు.

టేపు రోజుల్లో ఈ రెండు పరికరాలకీ అసలు తేడానే లేదు. 1960లలో టెరీ రైలీ, 1970లలో రాబర్ట్ ఫ్రిప్, బ్రయాన్ ఈనో వంటి సంగీతకారులు రెండు రీల్ రికార్డర్లను పక్కపక్కన పెట్టి ఒకే టేపును రెండిటి గుండా నడిపేవారు. మొదటిది రికార్డు చేస్తుంది, రెండోది దాన్ని వినిపిస్తుంది, ఆ శబ్దం తిరిగి మొదటిదానికే వెళ్తుంది. టేపు సెకనుకు 19 సెంటీమీటర్ల వేగంతో నడుస్తూ, యంత్రాల మధ్య మీటరు దూరం ఉంటే లూపు 5 సెకన్ల పైచిలుకు. పొడవు మార్చాలంటే యంత్రాన్నే జరపాలి! డిజిటల్ మెమరీ వచ్చాక ఆ పని కాలి కిందికి దిగింది. 1990లలో వచ్చిన ఓబర్‌హైమ్ ఎకోప్లెక్స్ డిజిటల్ ప్రో అనే లూపర్‌లో మల్టిప్లై, ఇన్సర్ట్, అన్‌డూ, ఫీడ్‌బ్యాక్ అన్నీ ఉన్నాయి. ఇప్పటికీ కొత్త లూపర్ గీసుకునేవాళ్లు దాని మాన్యువల్ చదివితే సగం డిజైన్ అక్కడే దొరుకుతుంది.

హార్డ్‌వేర్‌తో మొదలుపెట్టాలా, సాఫ్ట్‌వేర్‌తోనా?

పెడల్ తయారుచేయడమే మీ లక్ష్యమైనా కంప్యూటర్ మీదే మొదలుపెట్టండి. లూప్ ఇంజిన్‌ను ఏ ఆడియో డ్రైవర్‌తోనూ, ఏ తెరతోనూ సంబంధం లేకుండా విడిగా రాయండి. దానికి లోపలికి వెళ్లేవి ఒక బ్లాక్ ఆడియో, ఈ బ్లాక్‌లో ఏ శాంపిల్ (శబ్దాన్ని కొలిచిన ఒక్కో విలువ) దగ్గర ఏ బటన్ నొక్కారన్న సమాచారం. బయటికి వచ్చేది ఒక బ్లాక్ ఆడియో. ఇలా రాసిన సీ ప్లస్ ప్లస్ కోడ్ ఇవాళ జ్యూస్ అనే ఆడియో లైబ్రరీతో ప్లగిన్‌గా నడుస్తుంది, రేపు మైక్రోకంట్రోలర్ మీదికి పెద్ద మార్పులు లేకుండా వెళ్తుంది. బగ్ వచ్చినప్పుడు తప్పు కోడ్‌లో ఉందా, సోల్డర్ చేసిన జాయింట్‌లో ఉందా అని తల పట్టుకునే పని కూడా ఉండదు.

ఏ బోర్డు తీసుకోవాలి?

పెడల్ అయితే నా ఓటు డైసీ సీడ్‌కే. 480 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 64 మెగాబైట్ల ఎస్‌డీర్యామ్, స్టీరియో ఆడియో కోడెక్ (శబ్దాన్ని అంకెలుగా, అంకెలను తిరిగి శబ్దంగా మార్చే చిప్పు) అన్నీ వేలెడంత బోర్డు మీదే ఉంటాయి. లూపర్‌కు కావాల్సింది ప్రాసెసర్ బలం కన్నా మెమరీ, అది ఇందులో దండిగా ఉంది. టీన్సీ 4.1 కూడా మంచిదే, 600 మెగాహెర్ట్జ్‌తో ఇంకా వేగం, కానీ సొంత ర్యామ్ 1 మెగాబైట్ మాత్రమే. వెనకవైపు 8 మెగాబైట్ల పీఎస్‌ర్యామ్ చిప్పులు రెండు అతికించుకునే చోటు ఉంది, ఆడియో బోర్డు విడిగా కొనుక్కోవాలి. బీలా బోర్డు మిల్లీసెకండు లోపు ఆలస్యంతో పనిచేస్తుంది, సెన్సర్లతో ప్రయోగాలు చేసేవాళ్లకు అది సుఖం. రాస్ప్‌బెర్రీ పైలో మెమరీకి కొదవ లేదు గానీ ఆడియో ఇన్‌పుట్ లేదు కాబట్టి సౌండ్ కార్డు తగిలించాలి. లినక్స్ బూట్ అయ్యేదాకా వేదిక మీద ఎదురుచూడాలన్నది ఇంకో సంగతి. వైరు ఊడి పవర్ పోయిన రోజున ఆ నిరీక్షణ ఎంత పొడుగ్గా ఉంటుందో ఊహించుకోండి.

ఎంత మెమరీకి ఎంత లూపు?

48 కిలోహెర్ట్జ్ దగ్గర, ఒక్కో శాంపిల్‌కు 4 బైట్ల ఫ్లోట్ వాడితే నిమిషం మోనోకు 11.5 మెగాబైట్లు, స్టీరియోకు 23. అంటే 64 మెగాబైట్లలో మోనో 5 నిమిషాల 49 సెకన్లు పడుతుంది. 16 బిట్లలో దాస్తే రెట్టింపు పడుతుంది. ఒక్క లూపుకు ఇది బోలెడు. అయితే అన్‌డూ కావాలంటే, రెండు మూడు ట్రాకులు కావాలంటే ఇదే మెమరీని పంచుకోవాలి. పంచుకునే పద్ధతి మొదటిరోజే తేల్చుకోండి, తర్వాత మార్చడం చాలా కష్టం.

లూపు తిరిగిన ప్రతిసారీ ‘టిక్’ మంటోంది. ఎందుకు?

లూపు చివరి శాంపిల్ ఒక ఎత్తులో ఉంది, మొదటి శాంపిల్ ఇంకో ఎత్తులో ఉంది. ఆ రెండిటి మధ్య తరంగం ఒక్కసారిగా దూకితే చెవికి అది టిక్కుమని వినిపిస్తుంది. మొదట్లో అందరూ వేసే మందు: మొదలును 5 మిల్లీసెకండ్ల పాటు సున్నా నుంచి పెంచడం, చివరను అలాగే సున్నాకు తగ్గించడం. టిక్కు పోతుంది, కానీ దాంతోపాటు ప్రాణం కూడా పోతుంది. వాయించేవాడు సరిగ్గా నొక్కిన క్షణంలోనే తీగ మీటుతాడు, ఆ మీటులో పదును అంతా మొదటి కొన్ని మిల్లీసెకండ్లలోనే ఉంటుంది. దాన్ని మీరు కోసేశారు. పైగా నిలిచిన స్వరం మీద లూపు కట్టితే ప్రతి చుట్టుకూ చిన్న గుంట వినిపిస్తుంది.

సరైన పద్ధతి వేరు. బటన్ నొక్కకముందు కూడా ఇన్‌పుట్‌ను ఒక చిన్న రింగ్ బఫర్‌లోకి ఎప్పుడూ రాస్తూనే ఉండండి. 10 మిల్లీసెకండ్లు చాలు, 48 కిలోహెర్ట్జ్ దగ్గర అంటే 480 శాంపిళ్లు. నొక్కగానే ఆ 480 శాంపిళ్లను ‘మొదలుకు ముందు భాగం’గా పక్కన పెట్టుకోండి. లూపు ముగిశాక చివరి 480 శాంపిళ్లలో అసలు శబ్దాన్ని మెల్లగా తగ్గిస్తూ, పక్కన పెట్టుకున్న భాగాన్ని మెల్లగా పెంచండి. లూపు చివరికి వచ్చేసరికి వినిపిస్తున్నది మొదలుకు సరిగ్గా ముందున్న శబ్దం. దాని తర్వాత మొదటి శాంపిల్ సహజంగానే వస్తుంది, ఎందుకంటే రికార్డైనప్పుడు కూడా అది అలాగే వచ్చింది. మొదటి మీటు మీద చెయ్యి పడదు.

ఇలా ఒకటి తగ్గిస్తూ ఇంకోటి పెంచే క్రాస్‌ఫేడ్ సరళరేఖగా ఉండాలా, శక్తి సమంగా ఉండేలా వంపు తిరగాలా అని వాదనలు నడుస్తుంటాయి. ఇంత చిన్న నిడివిలో తేడా కనిపెట్టే చెవులు తక్కువ. సరళరేఖతో మొదలుపెట్టి ముందుకు సాగండి.

ఓవర్‌డబ్ (ఉన్న లూపు మీద కొత్త పొర రికార్డు చేయడం) లోపలికి వెళ్లేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి. లూపు మధ్యలో ఎక్కడ ఓవర్‌డబ్ ఆపినా అక్కడొక అతుకు పడుతుంది. మొదలూ చివరా చూసుకుని దీన్ని మరిచిపోయినవాళ్లు చాలామంది.

రెండో పొర ఎప్పుడూ కాస్త వెనకబడి వినిపిస్తోంది. నా లయే బాగాలేదా?

మీ లయను అనుమానించకండి, ముందు కోడ్‌ను అనుమానించండి. ప్రోగ్రామ్ పంపిన శబ్దం స్పీకర్‌కు చేరడానికి కొంత సమయం పడుతుంది, అది అవుట్‌పుట్ ఆలస్యం. విని మీరు సరిగ్గా తాళం మీదే వాయించినా, ఆ శబ్దం ప్రోగ్రామ్‌కు చేరడానికి ఇంకొంత, అది ఇన్‌పుట్ ఆలస్యం. రెండూ కలిపి 10 మిల్లీసెకండ్లు అనుకుందాం. మీరు లూపు మొదటి దెబ్బ మీద కొట్టిన దెబ్బ బఫర్‌లో 480 శాంపిళ్ల తర్వాత పడుతుంది. పరిష్కారం ఒక్క లైను: చదివే చోటునుంచి ఈ మొత్తం ఆలస్యాన్ని తీసేసి ఆ స్థానంలో రాయాలి. ఇది చేయకపోతే, మూడో పొరను రెండో పొర మీద ఆనుకుని వాయించినప్పుడు ఆలస్యం పేరుకుపోతుంది. నాలుగైదు పొరలయ్యేసరికి చప్పట్లు జల్లులా చెదురుతాయి.

ఆలస్యం ఎంతో డ్రైవర్‌ను అడిగితే చెప్తుంది, కానీ ఆ మాట నమ్మి ఊరుకోకూడదు. కోడెక్ లోపలి ఫిల్టర్లు తీసుకునే సమయం అందులో కలవకపోవచ్చు. అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు ఒక కేబుల్ తగిలించి, ఒకే ఒక్క శాంపిల్ నిడివి ఉన్న పల్స్ పంపి, తిరిగి ఎన్నో శాంపిల్ దగ్గర వచ్చిందో లెక్కపెట్టండి. బఫర్ సైజ్ (డ్రైవర్ ఒక్కో విడతకు ఇచ్చే శాంపిళ్ల సంఖ్య) మార్చిన ప్రతిసారీ ఈ కొలత మళ్లీ చేయాలి.

బఫర్ సైజ్ ఎంత పెట్టాలి?

48 కిలోహెర్ట్జ్ దగ్గర 64 శాంపిళ్లంటే 1.3 మిల్లీసెకండ్లు, 128 అంటే 2.7, 256 అంటే 5.3. ఆలస్యం తగ్గడానికి విండోస్‌లో ఏఎస్‌ఐఓ డ్రైవర్, లినక్స్‌లో జాక్ అనే ఆడియో సర్వర్ వాడండి. శబ్దం గాలిలో మిల్లీసెకండుకు 34 సెంటీమీటర్లు నడుస్తుంది కాబట్టి 10 మిల్లీసెకండ్ల ఆలస్యమంటే స్పీకర్‌కు మూడున్నర మీటర్ల దూరంలో నిలబడ్డట్టే. గిటార్ వాయించేవాడికి అది ఓర్చుకోదగ్గదే. హెడ్‌ఫోన్లలో తన గొంతు తానే వింటూ పాడేవాడికి మాత్రం చాలా తక్కువకే ఇబ్బంది మొదలవుతుంది. లూపు విషయంలో ఓ ఊరట ఉంది: పైన చెప్పిన సవరణ సరిగ్గా చేస్తే రికార్డైన పొరల మధ్య ఆలస్యం సున్నా. తక్కువ బఫర్‌తో పగుళ్లు తెచ్చుకోవడం కన్నా ఒక మెట్టు ఎక్కువ పెట్టుకుని నిశ్చింతగా ఉండటం మేలు.

ఇంట్లో బాగానే నడుస్తుంది, కచేరీలో మాత్రం అప్పుడప్పుడు చిటపట. ఎక్కడ వెతకాలి?

ఆడియో కాల్‌బ్యాక్‌లో, అంటే ఒక్కో బ్లాక్ ఆడియో కోసం డ్రైవర్ పిలిచే మీ ఫంక్షన్‌లో. ఆ ఫంక్షన్‌కు గడువు ఉంది: 64 శాంపిళ్ల బఫర్ అయితే 1.3 మిల్లీసెకండ్ల లోపు పని ముగించి తీరాలి. సగటున ఎంత వేగంగా ముగించిందన్నది లెక్కలోకి రాదు, అన్నిటికన్నా ఆలస్యమైన ఒక్కసారే లెక్క. అందుకని అక్కడ మెమరీ కేటాయింపు చేయకూడదు, మ్యూటెక్స్ పట్టుకోకూడదు, ఫైల్ తెరవకూడదు, చివరికి లాగ్ కూడా రాయకూడదు. బటన్ల సంగతి వేరే థ్రెడ్ నుంచి లాక్‌లు లేని (లాక్-ఫ్రీ) క్యూ ద్వారా రావాలి.

లూపర్లకు ప్రత్యేకమైన ఒక ఉచ్చు కూడా ఉంది. ప్రోగ్రామ్ మొదలవగానే పది నిమిషాల బఫర్ కేటాయించుకున్నారు, అంతా సవ్యంగా ఉందనుకున్నారు. లినక్స్ వంటి సిస్టమ్‌లు ఆ మెమరీని మాటవరసకే ఇస్తాయి, ఒక్కో పేజీని మొదటిసారి తాకినప్పుడే నిజంగా తెచ్చిస్తాయి. అంటే మొదటి రికార్డింగ్ జరుగుతున్నంతసేపూ, ఆడియో థ్రెడ్‌లోనే, పేజీ తర్వాత పేజీ ఫాల్ట్ అవుతుంది. రెండో చుట్టు నుంచి చిటపట ఉండదు, కాబట్టి కారణం దొరకదు. మొదట్లోనే బఫర్ మొత్తం సున్నాలు రాసి, మెమరీని లాక్ చేయండి.

ఎస్‌డీ కార్డులోకి సేవ్ చేయడం కూడా ఎప్పుడూ వేరే థ్రెడ్‌లోనే. కార్డు తన లోపలి పనులు చూసుకుంటూ ఉన్నట్టుండి వందల మిల్లీసెకండ్లు పలక్కుండా కూర్చోగలదు.

ఎవరూ వాయించకపోయినా, లూపు మెల్లగా ఆరిపోతున్నప్పుడు సీపీయూ వాడకం పెరుగుతోందేమిటి?

డీనార్మల్స్. ఫీడ్‌బ్యాక్ వల్ల విలువలు తగ్గి తగ్గి సున్నాకు దగ్గరైనప్పుడు కొన్ని ప్రాసెసర్లు ఆ అతి చిన్న సంఖ్యలతో కుస్తీ పడతాయి. అలాంటివాటిని సున్నాగా లెక్కగట్టే సెట్టింగ్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది. ఆడియో థ్రెడ్ మొదట్లో దాన్ని ఆన్ చేయండి.

పొరలు వేసేకొద్దీ శబ్దం పగిలిపోతోంది. ఏం చేయాలి?

ఓవర్‌డబ్ అంటే కూడిక. పాతదానికి కొత్తది కలుపుతూ పోతే ఎక్కడో ఒకచోట హద్దు దాటుతుంది. ఫ్లోట్‌లో దాచుకుంటే బఫర్ లోపల ఏమీ పాడవదు, బయటికి పంపే చోట ఒక లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా అణిచేది) పెట్టొచ్చు. లిమిటర్ చేసిన శబ్దాన్ని మాత్రం మళ్లీ బఫర్‌లో రాయకండి. చుట్టు చుట్టుకూ అది నలిగి ముద్దవుతుంది.

ఇంతకన్నా సంగీతానికి దగ్గరైన దారి ఫీడ్‌బ్యాక్. ప్రతి చుట్టులో పాత శబ్దాన్ని 100 శాతంగా కాకుండా 95 శాతంగా నిలబెడితే దాదాపు 14 చుట్లకు అది సగం ఎత్తుకు దిగుతుంది. పాత పొరలు వాటంతటవే వెనక్కి తగ్గి కొత్తవాటికి చోటిస్తాయి. చవక పెడళ్లలో ఈ నాబ్ లేకపోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఒక్క గుణకారమే కదా! మీ డిజైన్‌లో దీనికో ఎక్స్‌ప్రెషన్ పెడల్ (కాలితో విలువ పెంచే, తగ్గించే పెడల్) జాక్ తప్పక పెట్టండి.

అన్‌డూ ఎలా?

ఓవర్‌డబ్ మొదలైనప్పుడు లూపు మొత్తాన్ని కాపీ చేయడం తేలిక దారి, కానీ నిమిషం స్టీరియో అంటే 23 మెగాబైట్ల కాపీ. కాల్‌బ్యాక్‌లో చేస్తే శబ్దం తెగుతుంది. లూపును చిన్న ముక్కలుగా విడగొట్టి, ఓవర్‌డబ్ ఏ ముక్కను తాకబోతుందో దాని పాత రూపాన్ని మాత్రమే దాచుకుంటే ఖర్చు పంచుకుపోతుంది. నాలుగు సెకన్లు పాడి ఆపేస్తే నాలుగు సెకన్ల మెమరీయే ఖర్చు. అన్‌డూ నొక్కినప్పుడు ముక్కల పట్టికను మారిస్తే సరి, ఆడియోను కదపనక్కర్లేదు. కాకపోతే పాతకూ కొత్తకూ మధ్య క్రాస్‌ఫేడ్ మరవకండి.

ఒకే బటన్‌తో అన్ని పనులూ చేయించొచ్చా?

చేయించొచ్చు, బజారులో అలాంటి పెడళ్లు చాలానే ఉన్నాయి. ఒక నొక్కు రికార్డు, ఇంకోటి ప్లే, ఇంకోటి ఓవర్‌డబ్. గబగబా రెండుసార్లు నొక్కితే ఆగిపోతుంది, నొక్కిపట్టుకుంటే అన్‌డూ. కాగితం మీద చూస్తే ఎంతో ముచ్చటగా ఉంటుంది. కోడ్ రాసేటప్పుడే చిక్కు బయటపడుతుంది.

లూపు ప్లే అవుతోంది, ఆపాలని రెండుసార్లు నొక్కారు. మొదటి నొక్కు పడగానే అది ఒంటి నొక్కా, జంట నొక్కా అన్నది ప్రోగ్రామ్‌కు తెలియదు. 300 మిల్లీసెకండ్లు ఆగి చూసి నిర్ణయిస్తే, నిజంగా ఓవర్‌డబ్ కోసం నొక్కినవాడి మొదటి స్వరం పోతుంది. ఆగకుండా వెంటనే ఓవర్‌డబ్‌లోకి వెళ్తే, ఆపాలనుకున్నవాడి తీగల గీకుడు లూపులో రికార్డవుతుంది. సరైన దారి: వెంటనే ఓవర్‌డబ్ మొదలుపెట్టండి, రెండో నొక్కు వస్తే ఆ కాస్త ఓవర్‌డబ్‌నూ అన్‌డూ చేసి ఆపండి. అంటే జంట నొక్కు పనిచేయాలంటే ముందు అన్‌డూ సరిగ్గా ఉండాలి.

నొక్కు ఎప్పుడు లెక్కించాలి? కాలు కిందికి దిగినప్పుడే, పైకి లేచినప్పుడు కాదు. స్విచ్ లోపలి లోహం కలిసేటప్పుడు కొన్ని మిల్లీసెకండ్లు అదురుతుంది. చాలా ఉదాహరణల్లో ఆ అదురు తగ్గేదాకా ఆగి ‘నొక్కారు’ అని తేలుస్తారు. దీపం వెలిగించడానికైతే పర్వాలేదు, లూపర్‌కు పనికిరాదు. మొదటి స్పర్శకే స్పందించి, ఆ తర్వాత 20, 30 మిల్లీసెకండ్లు ఆ స్విచ్‌ను పట్టించుకోకుండా వదిలేయండి.

ఇంత చెప్పాక కూడా నా సలహా: రెండు స్విచ్చులు పెట్టండి. ఆపడానికి విడిగా ఒకటి ఉంటే వేదిక మీద మనసు నిమ్మళంగా ఉంటుంది.

రికార్డు ముగిశాక ప్లేకు వెళ్లాలా, నేరుగా ఓవర్‌డబ్‌కా?

రెండు అలవాట్ల వాళ్లూ ఉన్నారు. సెట్టింగ్‌గా ఇవ్వండి. డీఫాల్ట్‌గా ఒకటే ఎంచుకోవాలంటే ప్లే, కొత్తవాళ్లు తమకు తెలియకుండానే రికార్డు చేస్తూ పోయే ప్రమాదం తప్పుతుంది.

ఇంకో యంత్రంతో సింక్ ఎలా?

మిడి క్లాక్ (సంగీత యంత్రాలు వేగాన్ని పంచుకునే సంకేతం) అయితే ఒక్కో క్వార్టర్ నోట్‌కు 24 టిక్కులు వస్తాయి, నిమిషానికి 120 బీట్ల దగ్గర 20.8 మిల్లీసెకండ్లకొకటి. అవి అంత క్రమంగా రావు, ముందూ వెనకా అవుతాయి. ఒక్కో టిక్కునూ నమ్మకుండా చాలా టిక్కుల సగటుతో వేగాన్ని లెక్కగట్టండి. కంప్యూటర్లు, ఫోన్ల మధ్యనైతే ఏబుల్టన్ లింక్ తేలిక, ఒకే నెట్‌వర్క్ మీదున్న ప్రోగ్రాములన్నీ వేగాన్నీ, బీట్ స్థానాన్నీ పంచుకుంటాయి.

వేగం సరిపోయినంత మాత్రాన పని కాలేదు. రెండు యంత్రాల క్రిస్టల్స్ (లోపలి గడియారాలు) ఎప్పుడూ ఒక్క వేగంతో కొట్టుకోవు. పది లక్షలకు 50 వంతుల తేడా ఉన్నా 10 నిమిషాలకు 30 మిల్లీసెకండ్లు జారుతుంది, అది స్పష్టంగా వినిపిస్తుంది. లూపు మొదటికి వచ్చిన ప్రతిసారీ క్లాక్‌తో పోల్చి, ఆ అతుకు దగ్గరే కొద్ది శాంపిళ్లు సర్దండి.

గిటార్ నేరుగా పెడితే శబ్దం మొద్దుబారుతోంది. వెనకాల సన్నటి కూత కూడా వినిపిస్తోంది.

ఇవి రెండు వేర్వేరు రోగాలు. మొద్దుబారడానికి కారణం ఇన్‌పుట్ ఇంపీడెన్స్ తక్కువ కావడం. గిటార్ పికప్‌కు దాదాపు 1 మెగా ఓమ్ కావాలి, కోడెక్ చిప్పు అంత ఇవ్వదు. ముందు ఒక ఆప్ ఆంప్ బఫర్ పెట్టండి, టీఎల్072 చాలు. కూత ప్రాసెసర్‌దీ, పవర్ కన్వర్టర్‌దీ. అనలాగ్, డిజిటల్ భాగాలకు పవర్ వడకట్టి విడిగా ఇవ్వాలి, ఇతర పెడళ్లతో అడాప్టర్ పంచుకోకుండా చూసుకోవాలి.

బోర్డు గీసేటప్పుడే ఇంకో నిర్ణయం తీసుకోండి: అసలు గిటార్ శబ్దాన్ని డిజిటల్ గుండా పంపకుండా అనలాగ్‌లోనే చివరిదాకా తీసుకెళ్లి, లూపు శబ్దాన్ని అక్కడ కలపండి. వాయించేవాడికి తన శబ్దం ఏ ఆలస్యమూ లేకుండా వినిపిస్తుంది, ప్రాసెసర్ చచ్చిపోయినా పాట ఆగదు.

మైకుతో వాడితే పాత లూపు కూడా మళ్లీ రికార్డవుతోంది.

స్పీకర్ శబ్దం మైకులోకి వస్తోంది. కోడ్‌తో దీన్ని పూర్తిగా తీసేయలేరు. దగ్గరగా పెట్టి పాడే కార్డియాయిడ్ (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే) మైకు, హెడ్‌ఫోన్లు లేదా మైకు వీపు వైపు మానిటర్, ఓవర్‌డబ్ అవసరమైనంతసేపే. అడుగున ఉన్న ఫుట్‌స్విచ్ టక్కుమనే చప్పుడు కూడా మైకులోకి దూరుతుంది, మెత్తగా దిగే స్విచ్ వాడండి.

శ్రుతి మారకుండా వేగం మార్చే సౌకర్యం పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ అది వేరే ప్రాజెక్టంత పని. సగం వేగం మాత్రం దాదాపు ఉచితం: ఒక్కో శాంపిల్ దగ్గర అర అడుగు ముందుకు వేసి మధ్య విలువను అంచనా కడితే చాలు, ఒక స్థాయి (ఆక్టేవ్) కింద వినిపిస్తుంది. వెనక్కి చదవడం అంతకన్నా తేలిక.

పరీక్షించడం ఎలా?

వాయించి చూడటం చివరి మెట్టు. ఇంజిన్ విడిగా ఉంది కాబట్టి, ఒక ఫైలు పంపి, ఫలానా శాంపిల్ దగ్గర ఫలానా నొక్కు అని చెప్పి, వచ్చిన ఫలితాన్ని శాంపిల్ శాంపిల్‌గా పోల్చొచ్చు. ఒక పల్స్‌ను లూపు చేసి వెయ్యో చుట్టులో కూడా అదే స్థానంలో ఉందో లేదో చూడండి. అతుకు కోసం నిలిచిన సైన్ తరంగాన్ని దాని పూర్తి చక్రాలకు సరిపోని పొడవులో కోయండి, చిన్న లోపమున్నా బయటపడుతుంది. తర్వాత బటన్లను యాదృచ్ఛికంగా లక్షసార్లు నొక్కించండి. వాయించేవాడి కాలు మీరు ఊహించని క్రమంలోనే నొక్కుతుంది.

చదవడానికి మంచి కోడ్ ఏదైనా ఉందా?

సూపర్‌లూపర్. జెస్సీ చాపెల్ రాసింది, ఎకోప్లెక్స్ డిజిటల్ ప్రో అడుగుజాడల్లో నడుస్తుంది, జీపీఎల్ లైసెన్సుతో అందరికీ అందుబాటులో ఉంది. లినక్స్, మాక్‌లలో జాక్ మీద నడుస్తుంది, మిడి, ఓఎస్‌సీ (నెట్‌వర్క్ ద్వారా ఆదేశాలు పంపే పద్ధతి) రెండిటితోనూ ఆడించొచ్చు. ముందు వారం రోజులు దాన్ని వాడండి, తర్వాత కోడ్ తెరవండి. అందులోంచి ముక్కలు తీసుకుని మీ ఉత్పత్తిలో కలిపి పంచితే మీ కోడ్‌ను కూడా జీపీఎల్ కిందే ఇవ్వాల్సి వస్తుందని గుర్తుంచుకోండి. జ్యూస్, లింక్‌లకు కూడా ఓపెన్ సోర్స్, వాణిజ్య లైసెన్సులు విడివిడిగా ఉన్నాయి. అమ్మే ఆలోచన ఉంటే మొదటి లైను రాయకముందే వాటిని చదవండి.